ఆదివారం గుమ్మడికాయ

శనివారం సాయంత్రం కళ్ళద్దాల షాపులో పని ముగించుకుని ఆమె బజారు మీదుగా ఇంటికి నడుస్తుంటే కూరగాయలావిడ పిలిచింది.

"ఇదిగో అమ్మా, తీసి పక్కన పెట్టాను. మీ ఆయన కనబడట్లేదేం? డ్యూటీలు గానీ మారాయా?"

ఆవిడ చేతిలో గుమ్మడికాయ చెక్క ఉంది. గింజల చుట్టూ పీచు ఇంకా తడిగానే ఉంది. చలికాలం వచ్చిందంటే ప్రతి శనివారం అతని కోసం కాయ మధ్యలోంచి దళసరి చెక్క ఒకటి కోసి, తడిగుడ్డ కప్పి ఉంచడం ఆవిడకు అలవాటు. అతను పోయి రెండు వారాలైంది. ఆ సంగతి చెప్పాలనే ఆమె నోరు తెరిచింది. ఎదురుగా తక్కెడలో ఎవరివో ఉల్లిపాయలు, పక్కన చిల్లర కోసం తొందరపడుతున్న మనిషి, వెనక సంచి పట్టుకుని ఇంకొకావిడ. అంత మాటను ఆ రొదలో పడేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"అవునండీ, మారాయి" అని చెక్కను సంచిలో వేసుకుంది.

అతను ఊరి నీళ్ళ పంపుల దగ్గర ఆపరేటరు. పంపుహౌసు వెనకే వాళ్ళ క్వార్టరు. రెండు గదులు, ఓ చిన్న వంటిల్లు. గోడ అవతల మోటార్లు తిరుగుతున్నంతసేపూ అరమీద స్టీలు గ్లాసులు సన్నగా మోగుతూ ఉండేవి. పిల్లలు లేరు. అతను, ఆమె, అతని తల్లి, అంతే. ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "ఛాతీ పట్టేసినట్టుంది, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నాడు. ఆమె గ్లాసుతో వచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. ఒక బూటు ఇంకా కాలికే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు చూసి, తీసుకువెళ్ళమని చెప్పడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ రోజు నుంచీ అత్తగారు వంటింటి గడప తొక్కలేదు. ముందుగదిలో గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చునేది. పెడితే రెండు మెతుకులు తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. కోడలు పొద్దున్నే ఏదో ఉడకేసి షాపుకు పోయేది. సాయంత్రం వచ్చేసరికి అది గిన్నెలో అలాగే ఉండేది.

ఆ శనివారం కోడలు సంచి కింద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అత్తగారు సంచి దగ్గర వంగి ఉంది. గుమ్మడిచెక్కను రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

"రేపు వండుతాను" అంది.

మర్నాడు నిజంగానే వండింది. తొక్క చెక్కి, ముక్కలు కోసి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పచ్చిమిరపకాయలు చీరి వేసి మూతపెట్టింది. నీళ్ళు పొయ్యలేదు. గుమ్మడికాయ తన నీటిలోనే మగ్గాలి. ఆఖర్న గరిటె వెనకవైపుతో మెదిపి, అడుగు కాస్త మాడే దాకా ఉంచింది. అతనికి ఆ మాడు ఇష్టం. గిన్నె గోకి మరీ తినేవాడు.

రెండు వారాల తర్వాత మనిషి లేచి పొయ్యి దగ్గర నిలబడింది, అదే చాలనుకుంది కోడలు. కూరలో తీపి ఆమెకు పుట్టింట్లోనే అలవాటు లేదు. అయినా మారు మాట్లాడకుండా పెట్టినంతా తిన్నది. ఎదురుగా అత్తగారు కూడా తల వంచుకుని తిన్నది.

అది మొదలు. ప్రతి శనివారం కూరగాయలావిడ చెక్క తీసిపెట్టడం, "మీ ఆయన ఒంట్లో బాగుంటున్నాడా?" అంటే ఈమె తలూపడం, ఆదివారం అత్తగారు వండడం, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినడం. వారంలో మిగిలిన రోజులు ఎలా గడిచాయో గుర్తులేనట్టే గడిచేవి. ఆదివారం మాత్రం ఇల్లు ఇల్లులా ఉండేది. అందుకే కోడలు ఆ చెక్కను మానెయ్యలేకపోయింది.

చలి ముదిరాక ఆమెకు జలుబు చేసి జ్వరం తగిలింది. షాపులో మిషను ముందు కూర్చుని అద్దం అంచు అరగదీస్తుంటే కళ్ళు తిరిగాయి. ఓనరు ఇంటికి పంపేస్తే, శనివారం కదా అని దారిలో చెక్క తీసుకునే వచ్చింది. ఆదివారానికి కూడా జ్వరం తగ్గలేదు. అత్తగారు గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"ఇంకొక్క ముద్ద. నీకిష్టమని ఇవాళ మరీ మెత్తగా చేశాను."

"నాకా?"

"మరి నాకా? ప్రతి వారం బజారు నుంచి మోసుకొస్తున్నావు కదే!"

జ్వరంలో ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"మీకోసం తెస్తున్నానత్తయ్యా. మొదటిసారి తెచ్చినప్పుడు అది చూసేగా మీరు లేచారు."

అత్తగారు చెంచా గిన్నెలో పెట్టేసింది. "నువ్వు తెచ్చావని లేచాను. పాపం, పిల్లకి తినాలనిపించిందేమో, చేసిపెట్టేవాళ్ళు లేరు అనుకున్నా. నాకు గుమ్మడికాయంటే కడుపులో తిప్పుతుందే."

"నాకూ పడదత్తయ్యా. కూరలో తీపేంటి, ఛీ!"

"మరి ఇన్ని వారాలు తిన్నావు?"

"ఇన్ని వారాలేంటి? పెళ్ళయినప్పట్నుంచీ తింటున్నాను!"

ముందు అత్తగారి భుజాలు కదిలాయి. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలికి దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. అతను పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదటిసారి. నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో ఇద్దరికీ తెలియలేదు. గిన్నె మంచం మీద ఒరిగి దుప్పటికి పసుపు మరక అయింది.

కళ్ళు తుడుచుకున్నాక అత్తగారు చెప్పింది.

"వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా వాళ్ళ నాన్న వెళ్ళిపోయాడు. పోవడం కాదు, వెళ్ళిపోవడం. ఇప్పటికీ ఎక్కడున్నాడో నాకు తెలీదు. నాకప్పటికి ఆసుపత్రి లాండ్రీలో పని ఇంకా దొరకలేదు. మేముండే ఇంటి వెనక గోడ మీదికి గుమ్మడితీగ పాకింది. ఎవరూ వేసింది కాదు, దానంతటదే మొలిచింది. ఆ చలికాలమంతా మాకదే కూడు. పొద్దున అదే, సాయంత్రం అదే. వాడి అక్క, మీ వదిన ఉందే, దానికి అప్పటికే తెలివొచ్చింది, ముద్ద నోట్లో పెడితే ఏడ్చి ఉమ్మేసేది. చిన్నోడికి చెప్పాను, ఇది రాజులు తినే కూరరా, అందుకే బంగారం రంగులో ఉంటుందని. నమ్మేశాడు వెర్రినాగన్న! ఇంకొంచెం పెట్టమనేవాడు. నాకు మాత్రం వండిన ప్రతిసారీ ఆ గోడే కళ్ళ ముందు కనబడేది."

"ఆయనకి ఎప్పుడూ చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నా. ఉద్యోగం వచ్చిన రోజు, ఏం చెయ్యమంటావురా అనడిగితే గుమ్మడికాయ చెయ్యమన్నాడు. మా ఆకలి రోజులన్నీ వాడు పెళ్ళిభోజనంలా గుర్తుపెట్టుకున్నాడే. ఏమని చెప్పను?"

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. అతను గిన్నె గోకుతూ "అమ్మ చేతిలో ఏదో ఉంది" అనడం ఆమె ఎన్నిసార్లు విన్నదో. అలా అన్నప్పుడల్లా అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయేది. పొగడ్తకు సిగ్గుపడుతోంది అనుకునేది కోడలు.

జ్వరం తగ్గాక శనివారం కాకుండా శుక్రవారం మధ్యాహ్నమే, బజారు పల్చగా ఉన్నప్పుడు, ఆమె కూరగాయలావిడ దగ్గరికి వెళ్ళింది.

"నాకిక చెక్క తీసిపెట్టొద్దండీ. ఆయన లేరు."

"ఊరెళ్ళాడా?"

"చనిపోయారు."

కూరగాయలావిడ చేతిలో ఆకుకూర కట్ట అలాగే ఉండిపోయింది. "ఎప్పుడమ్మా?"

ఆమె చెప్పింది. ఆవిడ వేళ్ళ మీద వెనక్కి లెక్కేసుకుని నుదురు కొట్టుకుంది. "అయ్యో నా మొహం మండ! వారం వారం ఒంట్లో బాగుందా అనడిగానే! ఒక్కసారి చెప్పకూడదటమ్మా? నేనేదో గుచ్చిగుచ్చి అడుగుతుంటే ఎలా ఓర్చుకున్నావు?"

"మీరొక్కరే ఆయన ఉన్నట్టు మాట్లాడేవారు" అంది ఆమె. అది తన నోటివెంట వచ్చేదాకా తనకే తెలియదు.

కూరగాయలావిడ ముక్కు చీది, స్టూలు మీదున్న బుట్ట తీసేసి, కూర్చోమంది. ఆమె కూర్చుంది. చుట్టూ గోనెపట్టాల మీద చలికాలపు పంటంతా పరిచి ఉంది. మట్టి అంటిన చిలకడదుంపలు, ఎర్రటి కాడల బీట్‌రూట్లు, వెంట్రుకల చేమదుంపలు, పక్కనే తెల్లగా కడిగిపెట్టిన ముల్లంగి. వీటిలో తనకు ఏది ఇష్టమో ఆమెకు చప్పున తోచలేదు. ఇంట్లో ఏ కూరైనా అతని నోటికి తగ్గట్టు చేసిందే. దాంట్లో ఆమెకెప్పుడూ కష్టం కనబడలేదు కూడా. అన్నీ తలా కాస్త తీసుకుంది.

ముల్లంగి చూడగానే అత్తగారి ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

"చిన్నోడికి ఈ వాసన గిట్టదు. పంపుహౌసు దాకా వస్తోందమ్మా అని గోల చేసేవాడు. వాడికి కోపమొస్తే ఊరికి నీళ్ళు రావేమోనని నేను మానేశా!"

పచ్చిదే ఒక ముక్క కోసి ఉప్పద్దుకుని నమిలింది. ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అబ్బ!" అని ఇంకో ముక్క కోసింది.

ఆ తర్వాత కొన్ని వారాలు వాళ్ళ వంటిల్లు వేరేగా ఉండేది. కోడలు షాపు నుంచి రాగానే ఇద్దరూ నేల మీద పేపరు పరుచుకుని కూర్చునేవారు. చిలకడదుంపలు పొయ్యి మీద కాల్చి, తొక్క వేళ్ళు కాలుతుంటేనే వొలుచుకుని తినేవారు. కంద తరిగేటప్పుడు అత్తగారు చేతులకు నూనె రాసుకోమనేది. కోడలు అద్దాలు బిగించే మనిషి కదా, చేతికి జిడ్డు అంటనివ్వదు. దాంతో రాత్రంతా గోక్కునేది. "నీ షాపు గొప్పలు కంద దగ్గర చెల్లవే" అని అత్తగారు నవ్వేది. తెలిసిందేమంటే, కోడలికి చేమదుంపల వేపుడు ప్రాణం. కరకరలాడేలా వేయిస్తే కూర అన్నందాకా వచ్చేదే కాదు.

అయితే అత్తగారు కడుపునిండా తిన్న రోజున ఆవిడకు కంటిమీద కునుకు ఉండేది కాదు. పక్కగదిలో అటూఇటూ దొర్లడం కోడలికి వినబడేది. ఒకరోజు పళ్ళెం కడుగుతూ అన్నది, "వాడు పోయాక నేను రుచి చూసి తింటున్నానే. తల్లినేనా అసలు?"

"ఆయనుంటే మీ చేత ముల్లంగి తినిపించేవారత్తయ్యా, తెలిస్తే."

"తెలియనివ్వలేదుగా" అంది అత్తగారు.

పంపుహౌసు గుమాస్తా వచ్చి, ఇబ్బంది పడుతూనే, కొత్త ఆపరేటరుకు క్వార్టరు ఇవ్వాలని, నెలాఖరు దాకా ఉండొచ్చని చెప్పి వెళ్ళాడు. కోడలు షాపుకు దగ్గర్లో ఒక గది చూసింది. టైలరు షాపు మీద, ఒకటే గది, మూల వంటకు చిన్న గట్టు, కిటికీ వీధివైపు. అత్తగారిని తీసుకెళ్ళి చూపించింది. మెట్లు నిటారుగా ఉన్నా ఆవిడ ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. కొళాయి తిప్పి చూసింది. కిటికీలోంచి కింద టైలరు మిషను చప్పుడు విని, "మోటారు చప్పుడు లేకపోతే నాకు నిద్రపట్టదేమో అనుకున్నా, ఇదుందిగా" అంది. స్టవ్వు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పింది.

ఆ ఆదివారమే ఆడపడుచు వచ్చింది. ఊరికి ఆ చివర ఆమె కాపురం, బస్సులో గంట ప్రయాణం. తమ్ముడి కంటే మూడేళ్ళు పెద్దది. వాళ్ళమ్మ లాండ్రీకి వెళ్తే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆమె తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు. ఉడికిన చేమదుంప అత్తగారి వేళ్ళలోంచి జారి మంచం కిందికి దొర్లింది. కోడలు బోర్లా పడుకుని చీపురుతో దాన్ని లాగుతోంది.

"బాగానే ఉన్నారే ఇద్దరూ" అంది ఆడపడుచు.

కోడలు లేచి చీర దులుపుకుంది. "రండి వదినా."

ఆడపడుచు వంటింట్లోకి చూసింది. ముక్కు ఎగబీల్చింది. "ముల్లంగా? వాడికి ఈ వాసన పడదని తెలుసు కదమ్మా."

"తెలుసు" అంది అత్తగారు.

"ఆదివారం గుమ్మడికాయ చేసేదానివి. వాడు లేడని అదీ మానేశావా? నేనక్కడ ఒక్క రోజు సరిగ్గా తినలేదు. ఇక్కడ చూస్తే..." ఆమె గోడకున్న తమ్ముడి చొక్కాను లాక్కుని దాంట్లో ముఖం పెట్టుకుని కూలబడిపోయింది. కోడలు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. అత్తగారు కూతురి వీపు నిమురుతూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఎవరూ అన్నం ముట్టలేదు.

వెళ్ళేముందు ఆడపడుచు కళ్ళు తుడుచుకుని నెమ్మదిగానే అంది. "మరదలా, నిన్నేమీ అనట్లేదు. అమ్మని నేను తీసుకెళ్తాను. నేనుండగా నువ్వు కష్టపడి సాకడం బాగుండదు."

"నాకు కష్టం కాదు వదినా. గది చూశాను కూడా."

ఇద్దరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ మోకాలు రుద్దుకుంది.

"ఆ మెట్లు నేనెక్కలేను తల్లీ" అంది కోడలితో.

ఆ మెట్లు ఆవిడ ఎలా ఎక్కిందో కోడలు ఆ రోజు వెనక నడుస్తూ చూసింది. అయినా వదిన సంచి అందుకుని వీధిదాకా సాగనంపింది.

ఆడపడుచు వెళ్ళాక అత్తగారే మాట ఎత్తింది. "నామీద కోపం తెచ్చుకోకు. అది తమ్ముణ్ణి పోగొట్టుకుంది, ఇప్పుడు నేను నీ దగ్గరుంటానంటే తల్లిని కూడా పోగొట్టుకున్నట్టు ఏడుస్తుంది. నువ్వు చిన్నదానివి. నన్ను వెంటేసుకుని తిరిగితే నీ బతుకు ఇక్కడే ఆగిపోతుంది."

"నేను ఆగిపోతానన్నానా? పొమ్మని మిమ్మల్ని అడిగానా?"

"అడగవు. అందుకే నేనే వెళ్తున్నా."

నెలాఖరున సామాను రెండుగా పంచుకున్నారు. పంచుకోవడం అంటే, ప్రతి వస్తువునూ ఒకరు రెండో వాళ్ళ మూటలో పెట్టడం. అత్తగారు మందపాటి మూకుడు కోడలి సంచిలో పెట్టింది, చేమదుంపలు అందులోనే బాగా వేగుతాయని. ఆటో వచ్చాక ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. గోడ అవతల మోటార్లు నడుస్తూనే ఉన్నాయి.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం కోడలు చూడటానికి వెళ్ళింది. ఆడపడుచు ఎంతో ఆదరంగా లోపలికి తీసుకెళ్ళింది. పళ్ళేలు వేసింది. మూత తియ్యగానే కోడలికి తెలిసిపోయింది. ఉల్లిపాయలు ఎర్రగా వేగిన వాసన, అడుగున మాడు.

"ప్రతి ఆదివారం చేస్తున్నాను" అంది ఆడపడుచు. "తమ్ముడు ఎలా తినేవాడో అలాగే. అమ్మని అడిగి నేర్చుకున్నా. అమ్మ కూడా ఇష్టంగా తింటోంది."

ఆడపడుచు తన పళ్ళెంలోనూ వడ్డించుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా, మంచినీళ్ళతో మింగింది. మళ్ళీ ఇంకో ముద్ద. కళ్ళు తడిగా ఉన్నాయి. కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ తలొంచుకుని తింటోంది. కోడలు చెప్పెయ్యాలని గొంతు సవరించుకుంది. అత్తగారు తలెత్తి, కనీకనిపించనట్టు, వద్దని తలూపింది. కోడలు కూడా ముద్ద కలుపుకుంది.

బస్సుస్టాపు దాకా అత్తగారు తోడొచ్చింది.

"వదినకి కూడా చెప్పేస్తే సరిపోయేదిగా, అత్తయ్యా. మనం చెప్పుకున్నట్టు."

"మనం ఒకళ్ళకొకళ్ళం ఉన్నాం కాబట్టి చెప్పుకున్నాం. దానికి వాడిది ఇంకేం మిగిలింది? ఆ గిన్నెడు కూర తప్ప." ఆవిడ కొంగుతో నోరు తుడుచుకుంది. "తినడం నాకేం కొత్త కాదులే."

బస్సు వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆవిడ అక్కడే నిలబడి, చెయ్యి ఊపాలో లేదో తెలియనట్టు, సగం ఎత్తి దించేసింది.

కోడలు ఆ తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఆ పై ఆదివారం బయలుదేరి బస్సుస్టాపు నుంచే వెనక్కి వచ్చేసింది. ఎదురుగా కూర్చుని ఆవిడ అది మింగడం మళ్ళీ చూడటం ఆమె వల్ల కాలేదు. ఎండలు వచ్చాక ఆడపడుచు భర్తకు బదిలీ అయింది. ఆ కుటుంబంతో పాటు అత్తగారూ వేరే ఊరు వెళ్ళిపోయింది.

ఫోన్లు మాత్రం వచ్చేవి, సాయంత్రం పూట, ఆమె మెట్లెక్కి గది తాళం తీసే వేళకు.

"ఏం వండుకున్నావే?" అని అడిగేది అత్తగారు.

ఆమె ఏదో ఒక కూర పేరు చెప్పేది. ఒక్కరికోసం స్టవ్వు వెలిగించబుద్ధి కాక ఉత్త బ్రెడ్డు ముక్క తిన్న రోజున కూడా చెప్పేది.

"మీరేం తిన్నారత్తయ్యా?"

అవతల ఆవిడ కూడా ఏదో చెప్పేది, ఉత్సాహంగానే. నిజమేనా అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.